దూలానికి వేలాడే మూట

పాలమూరు జిల్లాలోని ఆ ఇంట్లో దూలానికి ఒక గుడ్డ మూట వేలాడుతూ ఉంటుంది. కొత్తవాళ్ళెవరైనా వస్తే విత్తనాల మూటేమో అనుకుంటారు. అందులో ఉన్నవి విత్తనాలే గానీ, నాటడానికి కాదు. అవి మోదుగ గింజలు. రూపాయి బిళ్ళంత వెడల్పుగా, పల్చగా, ఎర్రమట్టి రంగులో ఉంటాయి. ఏటా ఎండాకాలంలో మోదుగ కాయలు ఎండి రాలే వేళకు ఆ ఇంటి పెద్దాయన గుట్టకు పోయి ఏరుకొస్తాడు. డెబ్భై దాటినా ఆ పని ఇంకొకరికి అప్పజెప్పలేదు.

ఆయనకు మోదుగ గింజలంటే గొర్రెల మందు. నానబెట్టి, తోలు తీసి, ఎండబెట్టి దంచుతాడు. దానికి పసరి కొట్టులో దొరికే వాయువిడంగాలు, కాస్త వాము కలిపి, మజ్జిగలో పోసి, వెదురు గొట్టంతో గొర్రె నోట్లో పోస్తాడు. కడుపులో నట్టలు పడిపోతాయని ఆయన నమ్మకం. వాళ్ళ నాన్న చేశాడు, తాత చేశాడు, తానూ చేశాడు. చూడి గొర్రెకు మాత్రం ఎన్నడూ పోయడు. ఎందుకని అడిగితే, "పోయొద్దు. అంతే" అంటాడు.

కొడుకుది వేరే దారి. మండల కేంద్రంలోని మందుల దుకాణంలో సీసా కొనుక్కొస్తాడు. తెల్లటి మందు. మూతతో కొలిచి వరసగా పోసుకుంటూ పోతాడు. ఎనభై గొర్రెలకు గంటలో పని అయిపోతుంది. మోదుగ గింజల తోలు తీయడానికే పెద్దాయనకు రెండు రోజులు పడుతుంది. "నాయినా, ఆ గింజలు దంచేలోపల నేను మందకు మందు పోసి సంతకు పోయొస్త" అని కొడుకు నవ్వేవాడు. పెద్దాయన మారు మాట్లాడేవాడు కాదు. సీసా మందు పోసిన వారానికి ఎవరికీ చెప్పకుండా నాలుగైదు గొర్రెలకు తన మందు కూడా పోసేవాడు.

2020లో వానలు బాగా పడ్డాయి. చెరువు నిండింది. శిఖంలో పచ్చగడ్డి మోకాలెత్తు లేచింది. కరువు నేల మీద అంత పచ్చదనం చూసి ఊరంతా సంబరపడింది. గొర్రెలు కడుపునిండా మేస్తున్నాయని కొడుకు కూడా సంతోషించాడు. శ్రావణం పోయి భాద్రపదం వచ్చేసరికి మందలో తేడా కనపడింది. కొన్ని గొర్రెలు మంద వెనక పడుతున్నాయి. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతోంది. పొద్దున దొడ్డిలో ఒకటి లేవలేదు. మర్నాడు ఇంకొకటి. మూడు వారాల్లో ఏడు గొర్రెలు పోయాయి.

ఏడు గొర్రెలంటే లెక్క చిన్నదిగా కనిపించొచ్చు. ఆ ఇంట్లో మాత్రం ఆ మందే బ్యాంకు. ఆ ఏడాది మాఘంలో ఆడపిల్ల పెళ్ళి పెట్టుకున్నారు. పాతిక గొర్రెలు అమ్మితే గానీ పెళ్ళి గట్టెక్కదు. సంతలో కొనేవాడు మొదట చూసేది గొర్రె నడక. వెనకపడే గొర్రెకు సగం ధర కూడా రాదు.

తండ్రీ కొడుకుల మధ్య మాటలు పెరిగాయి. "మందు పోసి నెల కూడ కాలే. అయినా చస్తున్నయ్" అని కొడుకు తల పట్టుకున్నాడు. "ఆ సీసాల ఏముందో నీకు తెల్వదు, అమ్మేటోనికీ తెల్వదు. నా మోదుగ పోస్తే ఇట్ల కాకపోవు" అన్నాడు పెద్దాయన. "నీ మోదుగ పోసినయి గూడ రెండు పోయినయ్ కదా" అన్నాడు కొడుకు. ఆ మాటకు పెద్దాయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

కరోనా కారణంగా కాలేజీలు మూతపడటంతో మనవడు ఇంట్లోనే ఉన్నాడు. పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదువుతున్నాడు. ఫోన్లో పాఠాలు వినడం, మిగతా వేళ మందతో పోవడం. ఎనిమిదో గొర్రె చచ్చిన పొద్దున వాడు ఎవరినీ అడగలేదు. దాన్ని గోనెసంచిలో పెట్టి బండి మీద కట్టుకుని పశువుల ఆసుపత్రికి పోయాడు. పెద్దాయన కూడా వెంటపడి వెనక ఎక్కాడు.

డాక్టరు గొర్రె కడుపు కోసి చూపించాడు. గొర్రెకు కడుపులో నాలుగు అరలు ఉంటాయి. నాలుగో అర తెరిచేసరికి లోపల సన్నటి దారప్పోగుల్లాంటి పురుగులు వేలల్లో ఉన్నాయి. రెండు మూడు సెంటీమీటర్ల పొడవు. దగ్గరగా చూస్తే ఎరుపు, తెలుపు దారాలు పేనినట్టు మెలికలు. శాస్త్రవేత్తలు దీన్ని హీమాంకస్ అంటారు. తెల్లని మెలిక పురుగు గర్భసంచి, ఎర్రని మెలిక గొర్రె రక్తం.

ఈ పురుగు ఒక్కొక్కటి రోజుకు 0.05 మిల్లీలీటర్ల రక్తం లాగేస్తుందని అంచనా. చుక్క కూడా కాదు. కానీ అయిదు వేల పురుగులుంటే రోజుకు పావు లీటరు. ముప్ఫై కిలోల గొర్రె ఒంట్లో ఉండే రక్తమే రెండు లీటర్లకు కాస్త అటూ ఇటూ. దవడ కింద దిగిన నీరు రక్తం పల్చబడినందుకు గుర్తు. ఆడ పురుగు రోజుకు అయిదు వేల నుంచి పది వేల గుడ్లు పెడుతుంది. అవి పెంటికలతో నేల మీద పడతాయి. తడి, వెచ్చదనం ఉంటే వారం రోజుల్లో పిల్ల పురుగులై గడ్డి పరకల మీదికి పాకుతాయి. గొర్రె ఆ గడ్డి మేస్తే మూడు వారాల్లో మళ్ళీ గుడ్లు పెట్టే పురుగులు తయారు.

పెద్దాయన చాలాసేపు ఆ పురుగులను చూశాడు. "నేను యాభై ఏండ్ల సంది గొర్లు కాస్తున్న సారూ. ఈ పురుగును ఎన్నడూ చూడలే. నేను చూసినయి తెల్లగ, అన్నం మెతుకుల లెక్క పెంటికల్ల పడుతయి" అన్నాడు.

"అవి బద్దె పురుగులు తాతా. కంటికి కనపడతయి, భయపెడతయి. కానీ పెద్దగా చంపవు. చంపేది ఇది. ఇది కడుపు కోస్తే తప్ప కనపడదు. దీని గుడ్లు మైక్రోస్కోపులోనే కనపడతయి" అన్నాడు డాక్టరు.

తరవాత ఆయన మనవడికి ఒక పని చెప్పాడు. అన్ని గొర్రెల కంటి కింది రెప్ప తిప్పి చూడమన్నాడు. లోపల ఎర్రగా ఉంటే రక్తం ఉన్నట్టు. గులాబీ రంగు ఫర్వాలేదు. తెల్లగా పాలిపోతే ప్రమాదం. దీనికి ఒక రంగుల అట్ట కూడా ఉందనీ, 1990ల్లో దక్షిణాఫ్రికాలో తయారు చేశారనీ చెప్పాడు. ఎరుపు నుంచి తెలుపు దాకా అయిదు మెట్లు. గొర్రె కంటి పక్కన ఆ అట్ట పెట్టి పోల్చి చూడటమే. ఆఫ్రికాలోనూ అమెరికాలోనూ ఎందరో గొర్రెల, మేకల రైతులు వాడుతున్నారు.

పెద్దాయన నవ్వాడు. ఎన్నో రోజుల తరవాత వచ్చిన నవ్వు. "అట్టెందుకు సారూ. సంతల గొర్రెను కొనేటప్పుడు మా నాయిన చూసేది గదే."

డాక్టరు ఇంకో మాట చెప్పాడు. మందలో ఉన్న పురుగుల్లో ఎక్కువ భాగం కొద్ది గొర్రెల్లోనే ఉంటాయి. నూటికి ఇరవై ముప్ఫై గొర్రెలు మోసే పురుగులే మందలోని పురుగుల్లో ముప్పాతిక పైన. మిగతావి తట్టుకుంటాయి. అయినా ఏటా అన్నిటికీ ఒకే మందు, ఒకే మూత కొలతతో పోస్తే ఏమవుతుంది? మందుకు చచ్చే పురుగులు చస్తాయి. చావనివి మిగులుతాయి. వాటి పిల్లలే మందంతా నిండుతాయి. పెద్ద పొటేలుకూ చిన్న గొర్రెకూ ఒకే మూత పోస్తే పొటేలుకు చాలదు. చాలని మందు పురుగుకు పాఠం నేర్పినట్టే.

ఇది పాలమూరు కథ మాత్రమే కాదు. గొర్రెల నట్టలకు తొలి ఆధునిక మందు థయాబెండజోల్ 1961లో వచ్చింది. నాలుగేళ్ళు తిరగకుండానే దానికి లొంగని హీమాంకస్ అమెరికాలో బయటపడింది. 1981లో ఐవర్‌మెక్టిన్ వచ్చింది. జపాన్‌లో మట్టి నుంచి తీసిన సూక్ష్మజీవి దానికి మూలం. ఆ పరిశోధనకు సతోషి ఒమురా, విలియం క్యాంప్‌బెల్‌లకు 2015లో నోబెల్ వచ్చింది. దానికీ లొంగని పురుగులు ఎన్నో దేశాల్లో ఉన్నాయి. ఆ ఏడాదే వైద్య నోబెల్‌లో మిగతా సగం చైనా శాస్త్రవేత్త తూ యూయూకి దక్కింది. ఆమె పాత వైద్య గ్రంథాలు తిరగేసి ఒక మొక్క నుంచి మలేరియా మందు తీసింది. మొక్కల మందు అంటే మూఢనమ్మకం అని కొట్టేయడానికి వీల్లేదు. అలాగని మొక్క కాబట్టి పనిచేసి తీరుతుందనీ కాదు. పరీక్షించి చూడాల్సిందే.

మనవడు చేసింది ఆ పనే. తెల్లకళ్ళ గొర్రెలు పద్నాలుగు తేలాయి. వాటికి డాక్టరు వేరే రకం మందు, బరువు తూచి ఇచ్చాడు. మిగతా వాటిలో పది గొర్రెలను ఏరి, వీపు మీద ఎర్ర రంగు పూశాడు. వాటికి పాత సీసా మందే, కానీ బరువు ప్రకారం. ఇంకో పదింటికి పసుపు రంగు. "తాతా, ఇవి నీవి. నీ మోదుగ నీ ఇష్టం వచ్చినట్టు పోయి. పోయకముందు పెంటికలు తీసుకపోత. పన్నెండో రోజు మళ్ళ తీసుకపోత. గుడ్లు లెక్కపెడదం" అన్నాడు.

పెద్దాయన రెండు రోజులు కూర్చుని గింజలు దంచాడు. ఎంత శ్రద్ధగా దంచాడంటే, "పెళ్ళికి పసుపు దంచినప్పుడు కూడ ఇంత శ్రద్ధ పెట్టలే" అంది అవ్వ.

పన్నెండో రోజు వచ్చింది. ఆసుపత్రి మైక్రోస్కోపు దగ్గర మనవడు పొద్దంతా కూర్చున్నాడు. వేరే మందు ఇచ్చిన గొర్రెల్లో గుడ్లు దాదాపు లేవు. ఎర్ర రంగువాటిలో సగం కూడా తగ్గలేదు. మందు సరిగ్గా పనిచేస్తే నూటికి తొంభై అయిదు తగ్గాలి. అంటే ఆ సీసా మందుకు ఆ మందలోని పురుగులు అలవాటు పడిపోయాయి. ఇక పసుపు రంగు గొర్రెలు. వాటిలో అంతకుముందు ఎన్ని గుడ్లు ఉన్నాయో దాదాపు అన్నే ఉన్నాయి.

ఇంటికొచ్చి ఎలా చెప్పాలో వాడికి తెలియలేదు. పెద్దాయన అరుగు మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు. "మెతుకులు పడుడు బందైంది. నేను రోజూ చూస్తున్న" అన్నాడు ముందుగానే. వాడు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. కనపడే పురుగులు తగ్గి ఉండొచ్చు. కనపడనివి మాత్రం తగ్గలేదు. కొడుకు వాకిట్లో నిలబడి విన్నాడు. తన సీసా కూడా ఓడిపోయింది కాబట్టి అతనికీ నవ్వు రాలేదు.

పెద్దాయన రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున కర్ర పట్టుకుని మందతో బయల్దేరాడు. చాలా ఏళ్ళ తరవాత. మంద అలవాటుగా చెరువు దారి పట్టింది. ఆయన అడ్డం తిరిగి గుట్ట వైపు తోలాడు. మంచు ఆరేదాకా దొడ్డి తడిక తీయనీయలేదు. కొడుకు విసుక్కున్నాడు. మనవడు మాత్రం ఆలోచనలో పడ్డాడు.

ఆ రాత్రి వాడు తాత పక్కన కూర్చుని అడిగాడు. "మంచు ఆరినంకనే తోలాలని ఎవరు చెప్పిన్రు తాతా?"

"ఎవరు చెప్తరు. మంచు మీద మేస్తె గొర్రె పారుతది. చెరువు ఎండేటప్పుడు శిఖంల పొట్టి గడ్డి మేపొద్దు. ఒక్క బీట్ల పది రోజులకు మించి ఉండొద్దు. మేము చిన్నప్పుడు పొలాలల్ల మంద కట్టుకుంట నల్లమల దాక పోతుంటిమి. మళ్ళ ఈ జాగకు వచ్చేసరికి నెలలు గడిచేటియి. దార్ల తుమ్మ కాయలు, రేగు, దిరిసెన కొమ్మలు కొట్టి ఏస్తుంటిమి."

మనవడికి పాఠంలో చదివింది గుర్తొచ్చింది. పిల్ల పురుగులు తడి ఉన్నప్పుడే గడ్డి పరక మీదికి పాకుతాయి. నాలుగైదు అంగుళాల కంటే పైకి పోయేవి తక్కువ. అందుకే పొట్టి గడ్డిలో ప్రమాదం ఎక్కువ, కొమ్మలు మేస్తే తక్కువ. ఎండకు, ఆకలికి ఆ పిల్ల పురుగులు కొన్ని వారాల్లో చస్తాయి. మంద కదిలిపోయిన నేల తనంతట తాను శుభ్రమవుతుంది. తుమ్మ కాయల్లో, చెక్కలో టానిన్లుంటాయి. తంగేడు చెక్కతో తోలు పదును చేసేది ఈ టానిన్లతోనే. టానిన్లున్న మేత తిన్న గొర్రెలు, మేకల్లో పురుగుల గుడ్లు తగ్గుతాయని ఎన్నో దేశాల పరిశోధనల్లో తేలింది. అమెరికాలో లెస్పిడీజా అనే పశుగ్రాసాన్ని రైతులు ఇందుకోసమే పెంచుతున్నారు. అయితే అది ఒకనాడు గొట్టంతో పోసే మందు కాదు. రోజూ మేతలో తినేది. మితిమీరితే మేత సరిగ్గా అరగదు, గొర్రె తిండి తగ్గిస్తుంది.

మోదుగ గింజల్లోనూ పలాసోనిన్ అనే పదార్థం ఉంది. పురుగుల మీద దాని ప్రభావం ప్రయోగశాలల్లో కనిపించింది. వాయువిడంగాల్లో ఎంబెలిన్ ఉంది. వేప మీద, బొప్పాయి మీద పరీక్షలు జరిగాయి. గాజు గిన్నెలో చచ్చిన పురుగు గొర్రె కడుపులో చావాలని లేదు. గింజ ఏ నెలలో ఏరారు, ఎంత పోశారు, నాలుగో అర దాకా ఎంత చేరింది అన్న లెక్కలు తేలితే గానీ చెప్పలేం. ఒక్కటి మాత్రం నిజం. కళ్ళు తెల్లబడి దవడ కింద నీరు దిగిన గొర్రెకు మొక్కల మందు పోస్తూ వారం ఆగితే గొర్రె దక్కదు. దానికి పశువైద్యుడి మందే కావాలి. వెనకటికి నట్టలకు మైలుతుత్తం నీళ్ళు కూడా తాగించేవారు. రాగి గొర్రెకు విషం. పాతది కదా అని అన్నీ మంచివి కావు.

"తాతా, నీ మందు గింజల్లో లేదు. నీ దారిల ఉంది" అన్నాడు మనవడు.

పెద్దాయనకు అర్థం కాలేదో, అర్థమైనా ఒప్పుకోబుద్ధి కాలేదో, "దారి ఏడుంది ఇప్పుడు?" అన్నాడు.

ఆ ప్రశ్నకు ఆ ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు. గుట్ట కింది బీళ్ళన్నీ పత్తి చేలయ్యాయి. తుమ్మలు కొట్టేశారు. కరోనా ఏడాది మందను ఊరు దాటించే పరిస్థితే లేకపోయింది. మిగిలింది చెరువు శిఖం ఒక్కటే. ఊరి మందలన్నీ అక్కడే మేస్తాయి, అక్కడే పెంటికలు వేస్తాయి, మళ్ళీ అక్కడే మేస్తాయి. 2019 పశుగణనలో తెలంగాణ గొర్రెల సంఖ్య 1.90 కోట్లకు చేరింది. దేశంలో మొదటి స్థానం. గొర్రెలు పెరిగాయి. అవి నడిచే నేల మాత్రం పెరగలేదు.

అయినా చేతిలో ఉన్నది చేశారు. శిఖాన్ని మూడు భాగాలు చేసుకుని మార్చి మార్చి మేపారు. పక్క మందలవాళ్ళను ఒప్పించింది పెద్దాయనే. పొద్దున ఎండ వచ్చాకే మంద కదిలింది. కోత అయిన చేలల్లో మంద కట్టారు. పది రోజులకోసారి కళ్ళు చూసి, తెల్లబడిన వాటికే మందు పోశారు. ఆ పని పెద్దాయనది. రంగుల అట్ట మనవడి చేతిలో ఉండేది. చాలాసార్లు అట్ట కంటే ముందే ఆయన చెప్పేసేవాడు. కొడుకు సంతలో వేలాడే త్రాసు ఒకటి కొనుక్కొచ్చాడు. మూతతో పోయడం ఆగిపోయింది.

ఆ సీజన్‌లో ఇంకో రెండు గొర్రెలు పోయాయి. మంద నిలబడింది. మాఘంలో పాతిక అమ్మాల్సింది ముప్ఫై అమ్మారు, ధర కాస్త తక్కువ పలికింది కాబట్టి. పెళ్ళి జరిగింది. మేనమామలకు పెట్టుబట్టలు కూడా పెట్టారు.

2021 ఎండాకాలంలో పెద్దాయన మళ్ళీ గుట్టకు పోయాడు. దూలానికి కొత్త మూట వేలాడింది. ఎవరూ ఏమీ అనలేదు. ముసలాయన మనసు కష్టపెట్టడం ఎందుకని ఊరుకున్నారు. తొలకరి పడి నెల దాటాక ఒకనాడు మనవడు ఆసుపత్రికి బయల్దేరుతుంటే పెద్దాయన వాడి చేతిలో రెండు ప్లాస్టిక్ కవర్లు పెట్టాడు. రెండిట్లోనూ గొర్రె పెంటికలు. ఒకదానికి ఎర్ర దారం, ఒకదానికి తెల్ల దారం కట్టి ఉంది.

"ఏంది తాతా ఇవి?"

"తెల్లదారం కట్టింది మందు పోయకముందుది. డబ్బల బెట్టి చల్లటి కుండ పక్కకు దాసిన. ఎర్రదారం పన్నెండో రోజుది. ఈసారి గింజలు నానబెట్టలే. పచ్చియే దంచిన. కొలత గూడ పెంచిన." ఆగి, గొంతు తగ్గించి అన్నాడు. "మీ నాయినకు చెప్పకు. లెక్కబెట్టి నాకు చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

పన్నెండు రోజులు ఆగిన పెంటికల్లో గుడ్లు లెక్కకు పనికిరావు. చల్లగా పెట్టకపోతే రెండు రోజుల్లోనే పొదిగిపోతాయి. ఆ సంగతి మనవడికి తెలుసు. చెప్పబోయి ఆగాడు. కవర్లు సంచిలో పెట్టుకుని, "వచ్చేసారి పోయకముందే నన్ను పిలువు తాతా. ఆ రోజే తీసుకపోదం" అన్నాడు.

"అయితే రేపే పోద్దం" అన్నాడు పెద్దాయన. "గింజలు ఇంక చానా ఉన్నయ్."